ఒంటి తూటా రైఫిళ్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో పాతకాలపు అమెరికన్ ఒంటి తూటా రైఫిళ్లపై ఒక పరిచయ వ్యాసం ప్రచురించాము. షార్ప్స్, రెమింగ్టన్, బాలార్డ్, వించెస్టర్, స్టీవెన్స్ అనే పేర్లతో 19వ శతాబ్దంలో తయారైన ఆ రైఫిళ్లను తమ అభిరుచికి తగ్గట్టు మలచుకుని నేటికీ గురిపోటీల్లో పేల్చేవారి సంగతి అందులో క్లుప్తంగా ఉంది. దానిపై వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న (హనుమకొండ నుంచి ఒక పాఠకుడు): వరుసగా పది, పదిహేను తూటాలు పేల్చగల వించెస్టర్ రైఫిళ్లు 1870లలోనే దొరికేవి కదా. ప్రతిసారీ తెరిచి, ఒక్క తూటా పెట్టి, మూసి పేల్చే రైఫిల్‌ను జనం ఎందుకు కొన్నారు? చౌకగా దొరికేదనా?

జవాబు: చౌకదనం కారణం కాదు. మేలిరకం షార్ప్స్, రెమింగ్టన్ గురిపోటీ రైఫిళ్లు ఆ రోజుల్లో ఖరీదైన వస్తువులు. అసలు కారణం బలం. 1873 వించెస్టర్‌లో ఎక్కువగా వాడిన .44-40 తూటాలో పట్టే మందు 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ. సైన్యం వాడిన .45-70 తూటాలో 70 గ్రెయిన్ల మందు వెనుక 405 గ్రెయిన్ల గుండు, తరువాతి కాలంలో 500 గ్రెయిన్ల గుండు ఉండేది. 500 గ్రెయిన్లంటే 32 గ్రాములు. అంత పొడవైన, అంత బరువైన తూటాను 1873 వించెస్టర్ లోపలి కీళ్ల యంత్రాంగం తట్టుకోలేదు. ఒంటి తూటా రైఫిల్‌లో ఆ చిక్కు లేదు. క్రిస్టియన్ షార్ప్స్ 1848లో పేటెంటు పొందిన పద్ధతిలో తూటా వెనుక ఒక ఉక్కు దిమ్మ నిలువు గాడిలో కిందికీ పైకీ కదులుతుంది. అది పైకి వచ్చి మూసుకున్నప్పుడు పేలుడు తాకిడి మొత్తం చుట్టూ ఉన్న ఉక్కు చట్రం మీద పడుతుంది.

జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన 1886 వించెస్టర్ వచ్చాక ఆ సంస్థ రైఫిళ్లలోనూ .45-70ను వరుసగా పేల్చడం సాధ్యమైంది. అయినా గురి పట్టింపు ఉన్నవారు ఒంటి తూటాను వదలలేదు. గొట్టం కింద వరుసగా తూటాలు పేర్చే రైఫిల్‌లో ఒక తూటా ముక్కు ముందున్న తూటా వెనుక భాగానికి, అంటే నిప్పు పుట్టించే ప్రైమర్‌కు తగులుతుంది కాబట్టి మొండి ముక్కు గుండే వాడాలి. దూరం వెళ్లే గుండు మాత్రం పొడవుగా, సన్నని ముక్కుతో ఉండాలి. గొట్టానికి వేలాడే బరువేదీ లేకపోవడం కూడా నిలకడకు కలిసివచ్చింది.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి, టర్నర్‌గా పదవీ విరమణ చేసిన ఒక పాఠకుడు): ఫ్యాక్టరీ రైఫిల్‌ను కొని, మళ్లీ మేస్త్రి చేత మార్పించుకునేవారని రాశారు. ఏమేం మార్చేవారు? మా వృత్తివాళ్లకు అర్థమయ్యేలా కాస్త వివరంగా చెప్పండి.

జవాబు: మీ ప్రశ్నకు వివరంగానే జవాబు చెప్పాలి, ఎందుకంటే ఈ అభిరుచిలో సారమంతా అక్కడే ఉంది.

ఫ్యాక్టరీ దగ్గరే మొదలుపెడదాం. ఆగ్డెన్ పట్టణంలో ఉండే యువకుడు బ్రౌనింగ్ 1879లో పేటెంటు పొందిన ఒంటి తూటా రైఫిల్ హక్కులను వించెస్టర్ సంస్థ 1883లో 8,000 డాలర్లకు కొని, 1885లో మార్కెట్లోకి తెచ్చింది. బలమైన తూటాలకు పనికివచ్చే ఎత్తైన చట్రం ‘హై వాల్’ అని, చిన్న తూటాలకు వాడే తక్కువ ఎత్తు చట్రం ‘లో వాల్’ అని పేరు పడ్డాయి. గొట్టం లావు ఒకటి నుంచి ఐదు వరకు నంబర్లలో దొరికేది. గుండ్రని గొట్టమా, ఎనిమిది పలకలదా, ఎలాంటి ట్రిగ్గర్, భుజానికి ఆనే మడమ ఎలాంటిది అన్నది కొనేవాడే తేల్చుకునేవాడు. కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కా లాంటిది ఆ రైఫిల్. కాబట్టి ‘అసలు రూపం’ అనే మాటను ఈ రైఫిళ్ల విషయంలో జాగ్రత్తగా వాడాలి.

ఇక మేస్త్రుల పని. జర్మన్, స్విస్ వలసదారులు అమెరికాకు తెచ్చుకున్న షూట్సెన్ సంఘాల గురిపోటీలు 200 గజాల దూరంలో, నిలబడి, చేతులతోనే పట్టుకుని పేల్చేవి. ఒక్కొక్క గుండుకు అత్యధికంగా 25 మార్కులు. బరువైన రైఫిల్‌ను నిలబడి పట్టుకోవాలి కాబట్టి ఎడమ అరచేతి కింద ఆనడానికి ఒక గుబ్బ, భుజానికి కొక్కెంలా తగులుకునే మడమ, చెంప ఆనడానికి ఎత్తైన చెక్క, ఊపిరి తగిలితే పేలేంత తేలికైన జంట ట్రిగ్గర్ అమర్చేవారు. చూసేవారికి అవి వింతగా తోచవచ్చు, కానీ వాటిలో అలంకారం కోసం పెట్టినది ఏదీ లేదు.

మీకు ఎక్కువ ఆసక్తి కలిగించేది గొట్టం పని. 1861లో పుట్టి 1950లో మరణించిన హ్యారీ పోప్ ఈ విద్యలో అందరికంటే పేరు పొందాడు. ఆయన గొట్టాల్లో ఎనిమిది గాడులు ఎడమ వైపుకు మెలి తిరుగుతాయి. ఆ మెలిక వెనుక భాగంలో వదులుగా మొదలై కొస దగ్గరికి వచ్చేసరికి బిగుస్తుంది. గుండును గొట్టం కొస నుంచి లోపలికి దిగవేసి, మందు నింపిన ఇత్తడి తూటాను వెనుక నుంచి పెట్టడం ఆయన ప్రసిద్ధ పద్ధతి. అలా ముందు నుంచి దిగవేసేటప్పుడు గాడుల కొసలు అరగకూడదు కదా. అందుకోసం గొట్టాన్ని కాస్త పొడవుగా తయారుచేసి, కొస ముక్కను కోసి, సన్నని పిన్నులతో మళ్లీ అదే చోట సరిగ్గా కూర్చేలా చేసి, ఆ తరువాత రెండింటికీ కలిపి గాడులు కోసేవారు. గుండు దిగవేసేటప్పుడు ఆ ముక్క పెడతారు, పేల్చేముందు తీసేస్తారు. తీయడం మరచి పేల్చకుండా ఉండడానికి ఆ ముక్కకు ఒక పొడుగాటి కడ్డీ అమర్చేవారు. అది ఉన్నంతసేపు గురి కనపడదు. లేత్ ముందు జీవితం గడిపిన మీకు ఈ చిన్న కడ్డీ వెనుక ఉన్న బుద్ధి వేరే చెప్పనక్కరలేదు.

1901లో కొలరాడోలోని బౌల్డర్ పట్టణానికి చెందిన సి. డబ్ల్యూ. రోలండ్, పోప్ గొట్టంతో 200 గజాల దూరంలో పది గుండ్లను ముప్పావు అంగుళం లోపు గుంపుగా పెట్టాడు. అప్పుడు వాడింది సీసపు గుండ్లే అన్నది గుర్తుంచుకోవాలి. ఆ ఏడాదే స్టీవెన్స్ సంస్థ పోప్ వ్యాపారాన్ని కొని, ఆయననూ పనిలోకి తీసుకుంది. కొన్నేళ్లకు బయటికి వచ్చి శాన్ ఫ్రాన్సిస్కోలో దుకాణం తెరిస్తే 1906 భూకంపం దాన్ని మింగేసింది. ఆ తరువాత జీవితంలో చాలా భాగం న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో గడిచింది.

పోప్ ఒక్కడే కాదు. డెన్వర్‌లో కార్లోస్ గోవ్, జార్జ్ షోయెన్, న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో జిషాంగ్, వ్యోమింగ్‌లోని షెయెన్‌లో ఫ్రాయిండ్ సోదరులు అదే తరహా మేస్త్రులు. ఫ్రాయిండ్ సోదరుల ఆలోచన నాకు ప్రత్యేకంగా నచ్చుతుంది. షార్ప్స్ దిమ్మ నిలువుగా మాత్రమే లేస్తుంది. మసి పట్టి తూటా పూర్తిగా లోపలికి పోకపోతే దాన్ని ముందుకు నెట్టదు. పైకి లేస్తూనే కాస్త ముందుకు జరిగి తూటాను సర్దేలా వాళ్లు దిమ్మను మార్చారు. వేటలో, మంచులో, ఆ రైఫిల్‌ను నమ్ముకున్నవాడికి ఆ మార్పు విలువ తెలుస్తుంది.

ప్రశ్న (తిరుపతి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి): క్రీడ్‌మూర్ పోటీలో అమెరికా కేవలం మూడు మార్కులతో గెలిచిందని చదివాను. అది రైఫిళ్ల గెలుపా, అదృష్టమా?

జవాబు: రెండూ ఉన్నాయి, అదృష్టం పాలు కాస్త ఎక్కువేనని నా అభిప్రాయం. 1874 సెప్టెంబరు 26న న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లోని క్రీడ్‌మూర్ మైదానంలో ఆరుగురు ఐరిష్ షూటర్లు, ఆరుగురు అమెరికన్లు తలపడ్డారు. 800, 900, 1,000 గజాల దూరాల్లో ఒక్కొక్కరికి పదిహేను చొప్పున గుండ్లు. నడిమి వలయానికి నాలుగు మార్కులు. ఐరిష్ వారివి గొట్టం ముందు నుంచి నింపే రిగ్బీ రైఫిళ్లు, అమెరికన్లవి వెనుక నుంచి నింపే షార్ప్స్, రెమింగ్టన్ రైఫిళ్లు. వెనుక నుంచి నింపే రైఫిల్ గురిలో సాటిరాదని అప్పటిదాకా చాలామంది నమ్మేవారు.

చివరి లెక్క 934కు 931. ఐరిష్ జట్టులోని మిల్నర్ పొరపాటున పక్క పలక మీద పేల్చి, నడిమి వలయానికే కొట్టాడు; ఆ నాలుగు మార్కులు లెక్కకు రాలేదు. అవి వచ్చి ఉంటే ఐరిష్ మొత్తం 935 అయ్యేది. ఆఖరి గుండు పేల్చవలసిన అమెరికన్ కర్నల్ జాన్ బోడైన్ చేతిలో అంతకు ముందే జింజర్ ఏల్ సీసా పగిలి చెయ్యి తెగింది. రుమాలు చుట్టుకుని పేల్చి నడిమి వలయం కొట్టాడు. అది కొట్టకముందు అమెరికా ఐరిష్ వారికంటే ఒక్క మార్కు వెనుక ఉంది. కాబట్టి ఆ పోటీ వల్ల కొత్త రైఫిల్ పాతదాన్ని ఓడించిందని రుజువు కాలేదు. దానితో సమానంగా నిలబడగలదని మాత్రం రుజువైంది. రైఫిళ్లు అమ్మే సంస్థలకు అంతే చాలు!

ప్రశ్న (నల్లగొండ నుంచి ఒక పాఠకురాలు): ఇప్పుడు వీటిని ఎవరు, ఎలా పేలుస్తున్నారు? డబ్బున్నవారి కాలక్షేపం తప్ప ఇందులో నేర్చుకోవలసింది ఏమైనా ఉందా?

జవాబు: డబ్బు ఖర్చయ్యే మాట నిజమే. కానీ ఈ పోటీల్లో ఎక్కువ శాతం పని డబ్బు పెట్టి కొనలేనిది. గుండ్లను చాలామంది తామే పోసుకుంటారు. సీసం ఒక్కటే అయితే మరీ మెత్తన, అందువల్ల ఇరవై పాళ్లకో, ముప్పై పాళ్లకో ఒక పాలు తగరం కలుపుతారు. గుండు గాడుల్లో పూయడానికి తేనెమైనం, కొవ్వు కలిపిన మెత్తని పూత ఒక్కొక్కరికి ఒక్కొక్క రకం. ఆ పాళ్లను కొందరు ఇంటి రహస్యంలా దాచుకుంటారు. సురేకారం, గంధకం, బొగ్గుతో చేసిన పాత నల్లని మందు దట్టమైన పొగతో పాటు గొట్టంలో గట్టి మసిని వదులుతుంది. అది ఆరి పెళుసైతే తరువాతి గుండు దారి తప్పుతుంది. అందుకే ఒక గుండుకూ ఇంకొక గుండుకూ మధ్య తడి గుడ్డతో తుడుస్తారు, లేదా వెనుక నుంచి ఒక చిన్న గొట్టం పెట్టి నోటితో ఊపిరి ఊది ఆ తేమతో మసిని మెత్తబరుస్తారు. ఎండ తీవ్రంగా ఉన్న రోజున ఎన్నిసార్లు ఊదాలో అనుభవంతో తెలియవలసిందే.

గుండు వేగం నేటి రైఫిళ్లతో పోలిస్తే సగమైనా ఉండదు కాబట్టి అది ఎత్తైన వంపు తిరిగి వెళుతుంది. 1,000 గజాలు చేరడానికి మూడు సెకన్లకు అటు ఇటుగా పడుతుంది. ఆ మూడు సెకన్లలో గాలి చేసే పనిని ముందే ఊహించాలి. ట్రిగ్గర్ వెనుక, చెయ్యి పట్టే చోట నిలబెట్టే పొడవైన వెర్నియర్ కొలబద్దను తిప్పి ఎత్తు సరిచేస్తారు. ముందు వైపు గురిలో రైఫిల్ పక్కకు వాలకుండా చూపే చిన్న ద్రవమట్టం ఉంటుంది.

పోటీల్లో పేరుపడినది లోహపు బొమ్మల పోటీ. 1985 నుంచి న్యూ మెక్సికోలోని రాటన్ దగ్గర విటింగ్టన్ కేంద్రంలో దీని జాతీయ పోటీలు మొదలయ్యాయి. 200 మీటర్ల దగ్గర కోడి, 300 దగ్గర పంది, 385 దగ్గర సీమకోడి, 500 దగ్గర పొట్టేలు బొమ్మలు ఉంటాయి. కోడిని నిలబడి కొట్టాలి. మిగిలినవాటికి కూర్చుని, రెండు కర్రలను కత్తెరలా నిలిపి వాటిపై రైఫిల్ ఆనించవచ్చు. బొమ్మకు తగిలితే చాలదు, అది పడిపోవాలి. గుండు ఎక్కడ పడిందో దూరదర్శినిలో చూసి చెప్పే సహచరుడు పక్కనే ఉంటాడు, అందులో సగం గెలుపు అతనిదే. మోంటానాలోని ఫోర్సిత్‌లో ఏటా జూన్‌లో జరిగే పోటీ దీనికంటే సరదాగా, తిరునాళ్ల వాతావరణంలో సాగుతుంది. షూట్సెన్ సంప్రదాయాన్ని 1948లో ఏర్పడిన అమెరికన్ సింగిల్ షాట్ రైఫిల్ అసోసియేషన్ నిలబెడుతోంది. వారిలో పలువురు పోటీ అంతా ఒకే ఒక్క ఇత్తడి తూటాను వాడతారు; పేల్చిన ప్రతిసారీ అక్కడే బల్ల మీద పాత ప్రైమర్ తీసి, కొత్తది పెట్టి, మందు నింపి మళ్లీ అదే తూటాను వాడతారు. తూటాలలో ఉండే చిన్న చిన్న తేడాలను తప్పించుకోవడానికి అంతకంటే సూటి మార్గం లేదు.

ప్రశ్న (డాలస్ నుంచి ఒక తెలుగు పాఠకుడు): నేను ఇక్కడ స్థిరపడి చాలా ఏళ్లైంది. చట్టబద్ధంగా ఒక వించెస్టర్ హై వాల్ కొన్నాను. దాని అసలు గొట్టం తీసేసి ఎవరో చాలాకాలం క్రితం .22 హార్నెట్ గొట్టం బిగించారు. దీన్ని మళ్లీ .32-40 తూటా పేల్చేదిగా, పాత షూట్సెన్ రూపానికి మార్పించాలని ఉంది. మంచి పనేనా?

జవాబు: తొందరపడవద్దని నా సలహా. .22 హార్నెట్ తూటా 1930లో మార్కెట్లోకి వచ్చింది కాబట్టి మీ రైఫిల్‌పై ఆ పని అంతకు ముందు జరిగి ఉండదు. 1930లు, 40లలో షూట్సెన్ పోటీలు మూలపడి, పాత హై వాల్ చట్రాలు చౌకగా దొరికిన రోజుల్లో మంచి మేస్త్రులు పొలాల్లో తిరిగే చిన్న జంతువుల వేటకు వీటిని ఇలా మలిచారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ పేరున్న ప్రతిదానిపై అమెరికాలో పెరిగిన ద్వేషం షూట్సెన్ సంఘాలను ఎంత దెబ్బతీసిందో తెలిస్తే, ఆ చట్రాలకు ఈ రెండో జీవితం ఎందుకు దక్కిందో అర్థమవుతుంది.

ముందుగా గొట్టం కింద భాగాన్ని, చెక్క తీసి, చూడండి. మేస్త్రి పేరో ముద్రో ఉండవచ్చు. దిమ్మ ముఖాన్ని కూడా చూడండి. పాత చట్రాల్లో ఫైరింగ్ పిన్ (ప్రైమర్‌ను కొట్టే సూది) కన్నం పెద్దది, ఎక్కువ ఒత్తిడి తూటాలకు ప్రైమర్ అందులోకి ఉబికి వస్తుంది. పని తెలిసిన మేస్త్రి ఆ కన్నాన్ని పూడ్చి సన్నని పిన్నుకు తగ్గట్టు మళ్లీ తొలుస్తాడు. ఆ పని శుభ్రంగా జరిగి ఉంటే మీ చేతిలో ఉన్నది చెడగొట్టిన రైఫిల్ కాదు, ఒక కాలపు మంచి పనితనం. దాన్ని తీసేసి కొత్త గొట్టంతో పాత వేషం వేయిస్తే మీకు మిగిలేది 1890ల రైఫిలూ కాదు, 1930లదీ కాదు.

ఈ అభిరుచిలో ‘ఏ మార్పూ చేయరాదు’ అనే వర్గం ఒకటి ఉంది. నేను ఆ వర్గం కాదు. పోప్ చేత గొట్టం మార్పించుకున్నవాడు కూడా ఒక ఫ్యాక్టరీ రైఫిల్‌ను మార్చినవాడే కదా. కానీ ఆనాడు చట్రాలు ఇంకా తయారవుతున్నాయి. ఈ నమూనా తయారీ 1920 ప్రాంతంలో ఆగిపోయింది. నేడు కోసిన ప్రతి చట్రమూ ఉన్నవాటిలోంచి ఒకటి తగ్గినట్టే. రైఫిల్‌ను మలచుకోవాలనే కోరిక ఉంటే మోంటానాలోని బిగ్ టింబర్ పట్టణంలో షైలో సంస్థ కొత్త షార్ప్స్ రైఫిళ్లు తయారుచేస్తోంది, ఇటలీ నుంచీ మంచి నకళ్లు వస్తున్నాయి. మీ ముచ్చట వాటిమీద తీర్చుకోండి.

మీ రైఫిల్ ఫ్యాక్టరీ నుంచి ఏ రూపంలో బయటికి వచ్చిందో తెలుసుకోవాలంటే వ్యోమింగ్‌లోని కోడీ పట్టణంలో ఉన్న తుపాకుల మ్యూజియంకు సీరియల్ నంబరు రాసి పంపండి. పాత వించెస్టర్ రికార్డులు అక్కడే ఉన్నాయి, రుసుము తీసుకుని ధ్రువపత్రం ఇస్తారు. ఏం చేసినా పైపూతను మాత్రం రుద్ది మెరిపించవద్దు. అక్షరాల అంచులు, ఉక్కు మీద రంగుల చారలు ఒకసారి పోతే తిరిగిరావు. పేల్చేముందు తుపాకుల మేస్త్రి చేత తనిఖీ చేయించడం తప్పనిసరి.

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక తల్లి): మా అబ్బాయి అమెరికాలో హెచ్-1బి వీసాపై ఉద్యోగం చేస్తున్నాడు. ఆఫీసులో పెద్దాయన ఒకరు ఇలాంటి పాత రైఫిళ్లు పేల్చే పోటీకి రమ్మంటున్నారట. వెళ్లవచ్చా?

జవాబు: అమ్మా, చూడడానికి నిశ్చింతగా వెళ్లమనండి. రైఫిల్ చేతిలోకి తీసుకునే ముందు మాత్రం ఆగమనండి. హెచ్-1బి, ఎఫ్-1 వంటి వలసేతర వీసాలపై ఉన్నవారు తుపాకి గాని, తూటా గాని కలిగి ఉండడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. అక్కడి ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. 1898లో గాని, అంతకు ముందు గాని తయారైన తుపాకులను ఆ చట్టం పురాతన వస్తువులుగా వేరుచేసి చూస్తుందన్నది నిజమే, కానీ ఆ ఒక్క వాక్యాన్ని నమ్ముకోవడం ప్రమాదం: తూటాల నిబంధన వేరు, రాష్ట్రాల చట్టాలు వేరు, పాతదిగా కనిపించే రైఫిల్ నిన్నగాక మొన్న తయారైనది కావచ్చు. సరదాగా ఒక్కసారి పేల్చినా వీసాకే ముప్పు రావచ్చు కాబట్టి ముందుగా అక్కడి ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడగమని చెప్పండి.

ప్రశ్న (కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు): మా పాత ఇంటి అటక మీద తాతగారి కాలం నాటి రైఫిల్ దొరికింది. కింద ఉన్న మీటను లాగితే వెనుక దిమ్మ కిందికి వాలుతుంది. లైసెన్సు కాగితాలేవీ లేవు. బాగుచేయించి గోడకు వేలాడదీయవచ్చా?

జవాబు: మీ వర్ణనను బట్టి అది మార్టిని తరహా రైఫిల్ కావచ్చు. బ్రిటిష్ సైన్యం 1871లో స్వీకరించిన మార్టిని-హెన్రీది ఆ పద్ధతే. అదే యంత్రాంగంతో తరువాత చిన్న రైఫిళ్లూ ఎన్నో వచ్చాయి. కానీ ముందు తేల్చుకోవలసింది దాని పేరు కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం నేరం. పాత నమూనాదైనా, పురాతన విలువ కలదైనా, బాగుచేసినా చేయకపోయినా పేలడానికి పనికిరానిదైతేనే 45వ సెక్షన్ కింద మినహాయింపు ఉంటుంది. మీరు బాగుచేయిస్తానంటున్నారు, ఆ పనితోనే మినహాయింపు చేజారవచ్చు. వారసత్వంగా వచ్చిందన్న కారణంతో లైసెన్సు అవసరం పోదు.

కాబట్టి దానికి నూనె కూడా పెట్టవద్దు, మేస్త్రి దగ్గరికి తీసుకువెళ్లవద్దు, లోపల తూటా ఉందేమోనని మీరే విప్పి చూడవద్దు. దొరికిన తేదీ, దొరికిన చోటు రాసి స్థానిక పోలీస్ స్టేషన్‌లో లిఖితపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకోండి. అది పేలే స్థితిలో ఉందా లేదా అన్నది అధికారులు తేల్చిన తరువాత లైసెన్సుకు దరఖాస్తు చేయాలా, అప్పగించాలా, అలంకారంగా ఉంచుకోవచ్చా అన్నది వారి సూచన ప్రకారం నిర్ణయించుకోవచ్చు.